వారంలో మిగిలిన ఆరు రోజులు

(విశాఖపట్నంలో ఒక సంఘ పెద్ద జ్ఞాపకార్థం జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్మారకోపన్యాసానికి వచ్చినవాడు మొదట పోయినవారిని నాలుగు మాటలు పొగడటం ఆనవాయితీ. ఈ సభలో ఆ పని సగమే చేయాలి. ఎవరి జ్ఞాపకార్థం కూడుకున్నామో ఆయన కుటుంబంవారు నిర్వాహకులను రెండే కోరికలు కోరారు. ఫొటోకు దండ వేయవద్దన్నారు. ప్రసంగం అచ్చువేస్తే అందులో ఆయన పేరు రాకూడదన్నారు. బతికుండగా ఆయన చెప్పి పెట్టినవే ఈ రెండూ. పోర్టులో ఆయన టాలీ క్లర్కు, మందిరంలో సండే స్కూలు మాస్టారు. అక్కడా ఇక్కడా అందరూ ‘మాస్టారు’ అనే పిలిచారు. నేనూ ఆ పిలుపుతోనే సరిపెట్టుకుంటాను.

నిత్యజీవితంలో క్రైస్తవ విశ్వాసం, శీలం ఎలా ఎదుగుతాయో మాట్లాడమన్నారు. చెప్పదలచుకున్నది ఒక్కటే కాబట్టి ముందే చెప్పేస్తాను. ఒక మనిషి విశ్వాసంలో ఎదిగాడా లేదా అన్నది ఆదివారం మందిరంలో తేలే సంగతి కాదు. మిగిలిన ఆరు రోజుల్లో అతనితో పనిచేసేవాళ్లను, అతని కింద పనిచేసేవాళ్లను అడిగితే తేలుతుంది. ఆదివారం ఆ ఆరు రోజులకు కావలసిన బలం ఇస్తుంది. ఆ ఆరు రోజులు లేకపోతే ఆదివారానికి మిగిలేది పాటలు, ప్రసంగం, మధ్యాహ్నం భోజనం.

మన సాక్ష్యాల్లో వినిపించనిది

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడం మంచి అలవాటు. బుధవారం కూడికలో, ఉపవాస ప్రార్థనలో, పాత సంవత్సరం చివరి రాత్రి ఆరాధనలో ఒకరి తర్వాత ఒకరు లేచి దేవుడు చేసిన మేలు చెబుతారు. జ్వరం తగ్గింది. పాపకు సీటు వచ్చింది. అబ్బాయికి వీసా దొరికింది. ఆగిన ప్రమోషన్ కదిలింది. ఇవి చెప్పాలి, కృతజ్ఞత లేని విశ్వాసం ఎందుకు? అయితే ఏళ్ల తరబడి ఈ సాక్ష్యాలు వింటుంటే ఒకటి గమనానికి వస్తుంది. దాదాపు అన్నీ అందుకున్నవాటి గురించే. తిరిగి ఇచ్చినవాటి గురించి ఎవరూ లేవరు. ‘చిట్టీ పాడుకుని ఎగ్గొట్టిన వాయిదాలు మొన్న వడ్డీతో కట్టేశాను’ అని ఎవరైనా చెప్పగా విన్నామా? ‘తమ్ముడి వాటా స్థలం నా పేర రాయించుకున్నాను, వాడికి తిరిగి రిజిస్టరు చేయించాను’ అన్నవారున్నారా? ‘కోడలిని పదేళ్లు మాటలతో సాధించాను, ఆమె దగ్గరకు వెళ్లి క్షమించమన్నాను’ అని ఏ అత్తగారైనా లేచి నిలబడ్డారా?

లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య చెప్పింది సరిగ్గా ఆ సాక్ష్యమే. పన్ను వసూలులో ధనవంతుడైన మనిషి అతడు. ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి కడతానన్నాడు. యేసుప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రకటించింది ఆ మాట విన్నాకనే. మనం పిల్లలకు జక్కయ్య చెట్టెక్కిన కథ నేర్పుతాం, బొమ్మ గీయిస్తాం. అతడు చెట్టు దిగాక విప్పిన లెక్కల దగ్గరకు వచ్చేసరికి సండే స్కూలు గంట కొట్టేస్తుంది.

గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో పౌలు ఆత్మ ఫలం అంటూ తొమ్మిది గుణాలు వరసగా చెప్పాడు. మరోసారి ఇంటికి వెళ్లి చదవండి. అందులో ఒక్క అద్భుతం లేదు. స్వస్థత లేదు, దర్శనం లేదు, పెద్ద గొంతు లేదు. ఉన్నవి ప్రేమ, సహనం, దయ, నమ్మకస్థుడిగా ఉండటం, తనను తాను అదుపులో పెట్టుకోవడం లాంటివి. వీటిలో చాలావాటిని తలుపు వేసుకుని ఒంటరిగా సాధన చేయలేం. సహనం రావాలంటే మన సహనాన్ని పరీక్షించే మనిషి ఒకరు ఎదురుగా ఉండాలి. ఆ మనిషి మందిరంలో తక్కువగా, ఆఫీసులో, వంటింట్లో, బస్సులో, మెట్ల దగ్గర పార్కింగులో ఎక్కువగా దొరుకుతాడు.

తొందరపడని చరిత్ర

ఎదుగుదల గురించి మాట్లాడేటప్పుడు మన ఊరి క్రైస్తవ చరిత్రను ఒకసారి చూడాలి. తెలుగునాట ప్రొటెస్టెంటు మిషన్ పని మొదలైంది ఇక్కడే. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. అప్పటికి ఇక్కడ రేవు ఉంది, కోట ఉంది, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు ఉన్నారు. ఇప్పుడు మనం చూసే లోపలి హార్బరు రావడానికి ఇంకా నూరేళ్లకు పైగా పట్టింది. ఓడరేవును లార్డ్ విల్లింగ్‌డన్ ప్రారంభించింది 1933 డిసెంబరులో.

ఆ ఇద్దరు మిషనరీలూ బడి పెట్టారు, తెలుగు నేర్చుకున్నారు, సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే మరాఠా బ్రాహ్మణుడు క్రైస్తవుడై ఈ ఊరు వచ్చి ఆ అనువాదంలో డే గ్రాంజెస్ పక్కన కూర్చున్నాడు. క్రాన్ 1809లో పోయాడు. డే గ్రాంజెస్ 1810లో పోయాడు. వాళ్లు మొదలుపెట్టిన పనిలోంచి మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అచ్చయి వచ్చింది 1812లో. ఆ ఇద్దరిలో ఒక్కరూ ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకోలేదు. తర్వాత వచ్చిన మిషనరీ ప్రిచెట్ కొత్త నిబంధన పూర్తిచేస్తే అది 1818లో మద్రాసులో అచ్చయింది.

మరి సంఘం ఏది? మొదటి ముప్పై ఏళ్లలో చెప్పుకోదగ్గ సంఘమేదీ ఈ ఊళ్లో ఏర్పడలేదు. ఇవాళ ఒక సంస్థ మూడేళ్లలో ఫలితం చూపకపోతే తాళం వేస్తాం. మూడు నెలల్లో సంఖ్య పెరగకపోతే కాపరిని మార్చమంటాం. ఆ ముప్పై ఏళ్లూ ఇక్కడ జరిగింది బడి నడపడం, భాష నేర్వడం, రాసిన వాక్యాన్ని కొట్టేసి మళ్లీ రాయడం. 1840లో వచ్చిన మిషనరీ జాన్ హే సుమారు అర్ధ శతాబ్దం ఈ ఊరినే అంటిపెట్టుకుని పిల్లలకు చదువు చెబుతూ, తెలుగు బైబిలును సవరిస్తూ గడిపాడు. అతని శిష్యుల్లోంచే పులిపాక జగన్నాథంగారి లాంటి తెలుగు కాపరి, కీర్తనకారుడు వచ్చారు.

మార్కు సువార్త 4వ అధ్యాయంలో మరే సువార్తలోనూ లేని చిన్న ఉపమానం ఒకటుంది. రైతు విత్తనం చల్లి పడుకుంటాడు, లేస్తాడు. అది ఎలా మొలిచిందో, ఎలా పెరిగిందో అతనికే తెలియదు. రైతు చేయవలసిన పని చేశాడు, చేయలేనిది దేవుడికి వదిలాడు. ఎదుగుదల మన చేతుల్లో లేదన్న ధైర్యమూ, మన పని మానకూడదన్న హెచ్చరికా ఈ ఉపమానంలో రెండూ ఉన్నాయి. మనకు వచ్చిన చిక్కల్లా విత్తనం చల్లకుండానే పడుకోవడం, లేకపోతే రోజూ తవ్వి మొలిచిందా అని చూడటం.

టాలీ పుస్తకం

ఇప్పుడు మాస్టారి పని గురించి కొంచెం వివరంగా చెబుతాను. కంటెయినర్లు వచ్చాక పుట్టినవాళ్లకు టాలీ క్లర్కు అంటే ఏమిటో తెలియకపోవచ్చు.

బస్తాల సరుకు దిగే రోజుల్లో ఓడ హ్యాచ్‌లోంచి క్రేను ఒక స్లింగు పైకెత్తుతుంది. స్లింగులో ఇన్ని బస్తాలని లెక్క. అది వార్ఫు మీద దిగగానే కళాసీలు విప్పుతారు. పక్కన అట్టకు కాగితం క్లిప్పు పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని నిలబడ్డ మనిషి ఒక నిలువు గీత గీస్తాడు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. చిరిగిన బస్తా వస్తే వేరే గడిలో రాస్తాడు. తడిసినది వస్తే ఇంకో గడిలో. ఓడ తరఫున ఒక టాలీ, ఒడ్డు తరఫున ఒక టాలీ. షిఫ్టు చివర రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కలపాలి. కలవకపోతే తగువే. లోటు ఓడదా, షెడ్డుదా, దారిలో ఎవరిదైనా చేతివాటమా? ఎవరు డబ్బు కట్టాలో ఆ పెన్సిలు గీతలే నిర్ణయిస్తాయి. గ్యాంగుకు దింపిన సరుకును బట్టి కూలి ఉన్న చోట కళాసీ ఇంటికి తీసుకెళ్లే జీతం కూడా ఆ గీతల్లోనే ఉంటుంది.

ఎండలో ఎనిమిది గంటలు నిలబడి గీతలు గీసే పనిలో భక్తి ఎక్కడుందని అడగవచ్చు. గీత నిజంగా ఉండటంలో ఉంది. ఒకసారి సరుకుదారు మనిషి ఒకాయన మాస్టారి దగ్గరకు వచ్చి రెండు స్లింగులు తక్కువ వేయమన్నాడు. కవరు కూడా తెచ్చాడు. మాస్టారు కోప్పడలేదు, వాక్యం చెప్పలేదు. ‘నేను తక్కువ వేస్తే ఆ రెండు స్లింగులు మోసిన కూలి ఎవరికి పోతుంది బాబూ?’ అని మాత్రం అడిగారట. ఆ మనిషి వెళ్లిపోయాడు. మరోసారి గ్యాంగువాళ్లే వచ్చి పండగ దగ్గరపడింది, నాలుగు గీతలు ఎక్కువ గీయమని బతిమాలారు. దానికీ ఆయన ఒప్పుకోలేదు. వాళ్లకు ఆ పూట కోపం వచ్చింది. కానీ ఎవరికీ ఎక్కువ వేయని చెయ్యి తమకు తక్కువ వేయదని కళాసీలకు తెలిసిపోయింది.

ఆయన సమాధి కార్యక్రమంలో మా సంఘంవాళ్లు చాలామంది మాట్లాడారు. ప్రార్థనాపరుడన్నారు, వాక్యం తెలిసినవాడన్నారు. చివర ఒక ముసలి కళాసీ మేస్త్రి వచ్చారు. మన విశ్వాసం కాదు, ఏటా పైడితల్లమ్మ పండక్కి విజయనగరం వెళ్లే మనిషి. ‘మాస్టారి లెక్కమీద మా జట్టు ఎప్పుడూ తగువాడలేదండీ’ అని ఒక్కమాట అని కూర్చున్నారు. ఆ రోజు విన్నవాటిలో నాకు గుర్తున్నది అదొక్కటే. మన గురించి మనం చెప్పుకునేదానికంటే, మనతో ఏ బంధుత్వమూ లేనివాడు మన గురించి చెప్పేది బరువైనది.

ఇంకో సంగతి. మందిరం కోశాధికారిగా ఉన్న ఏళ్లలో కానుకల పెట్టె తెరిచేటప్పుడు కూడా మాస్టారు ఒక్కరే ఎప్పుడూ లెక్కపెట్టలేదు. రెండో మనిషి ఉండాల్సిందే, రెండు కాగితాలు కలవాల్సిందే. ‘నామీద మీకు నమ్మకం ఉంది, మంచిదే. నామీద నాకు అంత నమ్మకం లేదు’ అనేవారు. కోర్టుల్లో నలుగుతున్న మందిరాల భూముల కేసులు చూసినప్పుడల్లా ఆ రెండో కాగితం గుర్తుకొస్తుంది. మంచివాళ్లమని నమ్మి లెక్కలు అడగకపోవడం మన సంఘాల్లో ప్రేమగా చలామణి అవుతోంది. ఒక మనిషిని శోధనలోకి నెట్టడానికి అంతకంటే దగ్గర దారి లేదు.

రిలీవరు వచ్చే వేళ

గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం నుంచి వచ్చినవాళ్లు ఈ సభలో చాలామంది కనిపిస్తున్నారు. మీ ఊరు షిఫ్టుల మీద నడిచే ఊరు. ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. అక్కడ ఒక మనిషి శీలం తెలుసుకోవాలంటే పెద్ద ప్రశ్నలు అక్కర్లేదు. రిలీవరుగా అతను వేళకు వస్తాడా అని అడిగితే చాలు. రాత్రంతా కొలిమి దగ్గర నిలబడ్డవాడు తెల్లవారేసరికి గేటు వైపు చూస్తుంటాడు. తర్వాతి మనిషి రాకపోతే అతను కదలడానికి లేదు. ఇంట్లో పిల్లవాడికి జ్వరమైనా కదలడానికి లేదు. మనం ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్తే ఆ ఇరవై నిమిషాలు కోసినది యాజమాన్యం నుంచి కాదు, తోటి కార్మికుడి నిద్రలోంచి. పొరుగువాణ్ని ప్రేమించమన్న ఆజ్ఞను స్టీలు సిటీలో పాటించడం బయోమెట్రిక్ దగ్గర మొదలవుతుంది.

రెండోది సంతకం. ఏ కర్మాగారంలోనైనా మరమ్మతుకు ముందు పర్మిట్ రాస్తారు. కరెంటు తీశారా, గ్యాస్ లైను మూశారా, లోపల గాలి పరీక్షించారా అని ఒక్కొక్క గడి చూసి సంతకం పెట్టాలి. వెళ్లి చూడకుండా కుర్చీలోంచి సంతకం పెట్టడం సోమరితనంలా కనిపిస్తుంది. నిజానికి అది అబద్ధ సాక్ష్యం. ఆ కాగితాన్ని నమ్మి ఒక మనిషి లోపలికి దిగుతాడు. 2012 జూన్ 13 రాత్రి స్టీలు ప్లాంటు ఆక్సిజన్ విభాగంలో పేలుడు జరిగినప్పుడు ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎవరినీ వేలెత్తి చూపడానికి ఈ మాట ఎత్తలేదు. ఇనుము కరిగే చోట ప్రతి మనిషి ప్రాణం ఇంకొకరి జాగ్రత్తమీద ఆధారపడి ఉంటుందని గుర్తుచేయడానికే. అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుండాలని ప్రభువు కొండమీద చెప్పిన బోధకు మన పర్మిట్ పుస్తకమే పరీక్ష.

కోక్ ఓవెన్లలో పనిచేసినవారికి తెలుసు. బ్యాటరీని ఒకసారి వేడెక్కించాక ఏళ్ల తరబడి చల్లారనివ్వరు. సరుకు ఉన్నా లేకపోయినా వేడి నిలబెడతారు. చల్లారితే లోపలి సిలికా ఇటుక పగులుతుంది, మళ్లీ రాజేసినా మునుపటిలా ఉండదు. మన విశ్వాసానికి కావలసింది ఆ నిలకడైన వేడి. కన్వెన్షన్ మూడు రాత్రులు భగ్గున మండి, సోమవారానికి చల్లారి, వచ్చే కన్వెన్షన్ దాకా అలాగే పడి ఉంటే లోపల పగుళ్లు వస్తాయి. రోజూ పొద్దున పావుగంట వాక్యం, రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఎవరిని నొప్పించామో ఒకసారి తలచుకోవడం, వాళ్ల దగ్గరకు మర్నాడు వెళ్లడం. చెప్పడానికి చిన్నవే. ఇరవై ఏళ్లు మానకుండా చేసినవాళ్లు ఎందరున్నారో చూస్తే ఎంత పెద్దవో తెలుస్తుంది.

డెక్కు కింద ఎవరున్నారు?

ఓడరేవు ఊళ్లో ఒక నావికుడి కథ చెప్పకుండా ఎలా? జాన్ న్యూటన్ పేరు మీరు విన్నారు. ఆశ్చర్యకరమైన కృపను గురించి ఆయన రాసిన కీర్తన ప్రపంచమంతా పాడుతుంది. 1748 మార్చిలో అట్లాంటిక్ మధ్య తుపానులో ఓడ మునిగిపోతుంటే ఆయన దేవుణ్ని పిలిచాడు, ఆ రోజే తన మారుమనస్సుకు మొదలు అన్నాడు. మన ప్రసంగాల్లో కథ అక్కడ ఆగుతుంది. ఆ తర్వాత సంగతి ఏమిటంటే, 1750 నుంచి 1754 దాకా ఆయన ఆఫ్రికా బానిసలను రవాణా చేసే ఓడలకు కెప్టెనుగా పనిచేశాడు. డెక్కుమీద నావికులతో ఆరాధన జరిపేవాడు, బైబిలు చదివేవాడు. డెక్కు కింద మనుషులు గొలుసులతో బిగించి ఉన్నారు. ఆ ప్రార్థన దొంగ ప్రార్థన అని నేననను. కళ్లు ఇంకా తెరుచుకోలేదు, అంతే. ఆ వ్యాపారంలో తన పాత్రను బయటపెట్టి, దాన్ని ఖండిస్తూ ఆయన పుస్తకం రాసింది 1788లో. తుపాను రాత్రినుంచి లెక్కపెడితే నలభై ఏళ్లు. బ్రిటన్ ఆ వ్యాపారాన్ని చట్టంతో నిషేధించిన 1807లోనే ఆయన కన్నుమూశాడు.

మారుమనస్సు ఒక్క రాత్రిలో రావచ్చు. మనస్సాక్షి కింది అంతస్తు దాకా వెలుగు దిగడానికి జీవితకాలం పట్టవచ్చు. కాబట్టి న్యూటన్‌ను తప్పుపట్టడంకన్నా, మన డెక్కు కింద ఎవరున్నారో చూసుకోవడం మేలు.

మొదటిది కులం. బాప్తిస్మపు నీళ్లలో కులం కరిగిపోయిందని బోధిస్తాం. పెళ్లి సంబంధం దగ్గర, సంఘం ఎన్నికల దగ్గర, కొన్ని ఊళ్లలో సమాధుల తోట దగ్గర కూడా అది గట్టిపడి మళ్లీ పైకి తేలుతుంది. ‘విశ్వాసుల కుటుంబం కావాలి’ అని ప్రకటన ఇచ్చి, ఫోనులో మొదటి ప్రశ్నగా ‘మీరేమిట్లు?’ అని అడిగే ఇళ్లు మనలో లేవని చెప్పగలమా?

రెండోది మన కింద పనిచేసేవాళ్లు. ఒకే యంత్రం దగ్గర ఒకే ధూళి పీల్చే పర్మినెంటు మనిషికీ కాంట్రాక్టు మనిషికీ జీతంలో తేడా ఎంతో అందరికీ తెలుసు. దాన్ని మార్చడం ఒక్కరి వల్ల కాదు. కానీ అతణ్ని ‘ఒరేయ్’ అనకుండా పేరుపెట్టి పిలవడం, క్యాంటీనులో పక్కన కూర్చోవడం, హెల్మెటు బాగాలేకపోతే కొత్తది ఇప్పించడం మన వల్ల అవుతుంది. ఇంట్లో అంట్లు తోమే అమ్మకు వేరే గ్లాసు పెట్టి, గదిలో కూర్చుని సమరయ స్త్రీ అధ్యాయం చదువుకునే కుటుంబం డెక్కుమీద ఆరాధన చేస్తున్న కుటుంబమే.

మూడోది మనం నిలబడ్డ నేల. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో రాష్ట్రమంతా ఉద్యమించింది. ప్రాణాలు పోయాయి. 1970లో కర్మాగారం ప్రకటన వచ్చింది. ఆ ఫ్యాక్టరీకి, ఆ టౌన్‌షిప్‌కు భూములిచ్చి ఊళ్లు ఖాళీచేసిన పల్లెలవాళ్లు నిర్వాసితులయ్యారు. ఉద్యోగం కోసం, నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు వాళ్లలో ఉన్నారు. 2021లో ఉక్కు కర్మాగారం అమ్మకం నిర్ణయం వచ్చినప్పుడు మన సంఘాలు ఉపవాసముండి ప్రార్థించాయి. మంచిదే. నిర్వాసితుల కోసం ఎన్నిసార్లు ప్రార్థించాం?

డెక్కు కిందివాళ్లను పట్టించుకునే విషయంలో మన తెలుగునేలమీదే ఒక మంచి మాదిరి ఉంది. 1836లో విశాఖపట్నంలో అడుగుపెట్టిన శామ్యూల్ డే తర్వాత నెల్లూరు వెళ్లి అమెరికన్ బాప్తిస్టు మిషన్ స్థాపించాడు. ఆ మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలులో ఉన్నప్పుడు 1876–78 కరువు వచ్చింది. ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు పని పెట్టాడు. కూలి సక్రమంగా చేతికందేలా తన బోధకులనే పర్యవేక్షకులుగా నిలిపాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. కరువు తీరేదాకా ఇవ్వనన్నాడు. గంజికోసం వచ్చారన్న మాట వాళ్లమీద పడకూడదనుకున్నాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మనకు బాగా గుర్తుంటుంది. సంఖ్య వద్దని ఆయన ఆగిన నెలలు గుర్తుండవు. క్లౌ శీలం ఆ ఆగిన నెలల్లో ఉంది.

మనల్ని అడిగేవాళ్లు ఎవరు?

మరి ఎదగడం ఎలా? మళ్లీ ఒక ఓడరేవు ఊరికే వెళ్దాం. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1742లో జాన్ వెస్లీ అనుచరులకు మందిరం కట్టిన అప్పు మిగిలింది. ఎలా తీర్చాలని ఆలోచిస్తుంటే కెప్టెన్ ఫాయ్ అనే సభ్యుడు ఒక ఉపాయం చెప్పాడు. ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి. పన్నెండుమందికి ఒకరు ఇల్లిల్లూ తిరిగి వసూలు చేయాలి, ఇవ్వలేనివాళ్లది తానే వేసుకోవాలి. అలా పెన్నీకోసం గడప తొక్కినవాళ్లకు ఇళ్లలో ఏం జరుగుతోందో కనిపించింది. తాగుడు, గొడవలు, పస్తులు. వెస్లీ వెంటనే గ్రహించాడు, తాను వెతుకుతున్నది ఇదేనని. అప్పు వసూలుకు పుట్టిన ఆ చిన్న గుంపులే మెథడిస్టు క్లాసులయ్యాయి. వారానికోసారి కూడి ఒకరి బాగోగులు ఒకరు సూటిగా అడిగేవారు.

మనకు పెద్ద సభలు చాలా ఉన్నాయి. అలా అడిగేవాళ్లు లేరు. కాపరిగారు అయిదువందల మందిని అడగలేరు. భార్య అడిగితే గొడవ, పిల్లలు అడిగితే ఎదురు మాట. ముగ్గురో నలుగురో నమ్మకమైన మిత్రులు వారానికోసారి ఒకచోట కూర్చుని, ‘ఈ వారం డబ్బు విషయంలో నిజాయితీగా ఉన్నావా? ఇంట్లో గొంతు పెంచావా? ఎవరికైనా ఇవ్వవలసింది ఇచ్చావా?’ అని ఒకరినొకరు అడిగితే, విన్నది గడప దాటకుండా చూసుకుంటే, ఆ సంఘం ఏడాదిలో వేరే సంఘమవుతుంది. టాలీలో రెండో కాగితం చేసే పనే ఇదీ.

ఎదిగామా లేదా అన్నది ఎక్కడ తేలుతుందో ఈ ఊరు ఒకసారి చూసింది. 2014లో హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని కొట్టింది అక్టోబరు 12, ఆదివారం. ఆ పూట చాలా మందిరాల్లో ఆరాధన జరగలేదు. కరెంటు రోజుల తరబడి లేదు, నీళ్ల క్యాను, పాల ప్యాకెట్టు ధరలు ఆకాశానికెక్కాయి. ఆ వారంలో మన ఊళ్లో క్రైస్తవులెవరో తేల్చడానికి పాటల పుస్తకం పనికిరాలేదు. పాల ప్యాకెట్టు మామూలు ధరకు అమ్మిన దుకాణదారు, జనరేటరున్న అపార్టుమెంటులో కింది వాచ్‌మన్ కుటుంబానికి కూడా నీళ్లు పట్టనిచ్చినవారు, పడిపోయిన చెట్టు కింద ఎవరి బండి ఉందో అడక్కుండా గొడ్డలి పట్టుకున్న కుర్రాళ్లు, వాళ్లలో మనవాళ్లు ఎందరున్నారో దేవుడికి తెలుసు. మన విశ్వాసం కానివాళ్లూ చాలామందే ఉన్నారు. అది మనకు సిగ్గు కాదు, పాఠం. మంచితనం మన ఒక్కరి సొత్తు కాదు. అయితే ప్రభువు పేరు పెట్టుకున్నవాళ్లం ఆ వరసలో వెనక నిలబడకూడదు.

ముగించే ముందు ఈ సభకు మూడు మనవులు. ఇక్కడినుంచి వెళ్లాక ఎవరికైనా తిరిగి ఇవ్వవలసింది ఉంటే, అప్పు కానివ్వండి, వాటా కానివ్వండి, క్షమాపణ కానివ్వండి, ఈ నెల దాటకముందే ఇచ్చేయండి. మీ కింద పనిచేసే మనిషి దగ్గర కూర్చుని, ‘నాతో పనిచేయడంలో నీకు కష్టమేమిటి?’ అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మాట్లాడకుండా వినండి. మిమ్మల్ని సూటిగా అడగగలిగే ఇద్దరిని ఎంచుకుని, అడగమని మీరే వాళ్లకు అధికారం ఇవ్వండి. అయ్యగార్లకు ఒక విన్నపం. వచ్చే ఏడాది ఈ స్మారక సభకు ఉపన్యాసకుణ్ని పిలవకండి. తిరిగి ఇచ్చినవాళ్లు ముగ్గురు లేచి సాక్ష్యం చెప్పేలా చూడండి. మాస్టారికి అంతకుమించిన స్మారకం అక్కర్లేదు.